బటన్ లేని పియానో

మా మనవరాలు ఒక పాటని రెండుసార్లు ఒకేలాగా వాయించి ఎరగదు. పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా. నేను వంటింట్లో తాలింపు వేస్తుంటా, ముందు గదిలోంచి పాట వస్తుంది. ఇది నిన్నటిదే కదా అని లోలోపల అందుకోబోతా. అంతలో అది సందు తిరిగి ఎటో వెళ్లిపోతుంది. ఇక్కడ నా ఆవాలు మాడతాయి.

"ఏమే, నిన్న బాగానే ఉందిగా. ఎందుకు చెడగొట్టావు?"

"చెడగొట్టలేదు అమ్మమ్మా. అది జాజ్. ఒకసారి వాయించినట్టు ఇంకోసారి వాయించకూడదు."

"రోజుకో రకంగా పులుసు కాస్తే ఇంట్లో మగవాళ్లు కంచం నెట్టేస్తారు."

"మనింట్లో మగవాళ్లెవరున్నారు?"

దాని నోరు మాత్రం ఎప్పుడూ శ్రుతిలోనే ఉంటుంది.

పోనీ అవి మన పాటలా అంటే కాదు. అమెరికాలో ఎప్పుడో, మా అమ్మ పుట్టకముందు కొన్ని, పుట్టాక కొన్ని, నాటకాలకీ సినిమాలకీ కట్టారట. ఆ నాటకాలు పోయాయి, కట్టినవాళ్లు పోయారు, పాటలు మిగిలాయి. స్టాండర్డ్స్ అంటారట వాటిని. జాజ్ వాయించే ఏ పియానో మనిషైనా ముందు అవి నేర్చుకోవాలి, నేర్చుకున్నాక విప్పి తన పద్ధతిలో మళ్లీ కుట్టుకోవాలి. పాత చీరలతో బొంత కుట్టినట్టు అమ్మమ్మా, అని చెప్పింది. బొంత అంటే నేను మెత్తబడతానని దానికి తెలుసు. వాడినదాన్నే వాడుకోవడం మంచి బుద్ధే, కాదనను. కాని ఒకసారి కుట్టిన బొంతని ఎవరైనా మళ్లీ విప్పుతారా? ఇది రోజూ విప్పుతుంది.

ఒకరోజు అర్థం చెప్పమన్నా. చందమామ వచ్చింది, నువ్వు రాలేదు. ఇంకోటి చెప్పమన్నా. వాన పడుతోంది, నువ్వు లేవు.

"ఇన్ని పాటల్లో ఒక్కడన్నా పనికెళ్లాడా?"

పాటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఒకడు రైలెక్కాడు అమ్మమ్మా."

"టికెట్ కొనే ఎక్కాడా?"

"పాటలో చెప్పలేదు."

దీని అమ్మ, అంటే నా కూతురు, నందిగామలో ప్రైవేటు బడిలో టీచరు. అల్లుడిదీ అక్కడే ఉద్యోగం. పిల్ల మాత్రం చిన్నప్పటి నుంచి జగ్గయ్యపేటలో నా దగ్గరే పెరిగింది, ఇక్కడే డిగ్రీ చదివింది. మా చర్చికి కీబోర్డు కొన్నప్పుడు, చర్చి గదిలో ఎలుకలు వైర్లు కొరికేస్తాయని, మీ ఇంట్లో ఉంచండమ్మా అన్నారు పాస్టరుగారు. పెట్టె ఇంట్లో ఉంటే పిల్ల ఊరుకుంటుందా? ఎవరూ నేర్పకుండానే వాయించడం పట్టేసింది. ఆదివారం వస్తే పెట్టెని పాత దుప్పటిలో చుట్టి, ఆటోలో ఇద్దరి ఒళ్లో అడ్డంగా పెట్టుకుని తీసుకెళ్లేవాళ్లం.

మా చర్చిలో పాట ఎత్తేది ఆడవాళ్లం. ముందు వరసలో ఎవరికి ముందు ఊపిరి అందితే వాళ్లు ఎత్తుతారు. పెట్టె ముందు మోగాలి, అది విని మనుషులు అందుకోవాలి, అదీ పద్ధతి అని పట్నం నుంచి వచ్చినవాళ్లు అంటుంటారు. మాకు ఆ పద్ధతి లేదు. మనిషి ముందు, పెట్టె వెనక. నేను ఎత్తితే ఒక చోట, పాస్టరమ్మగారు ఎత్తితే ఇంకో చోట. మేం ఎక్కడున్నామో వెతుక్కుంటూ వచ్చి కలవాల్సింది వాయించేవాళ్లే.

దానికి మా వైపు చర్చిల్లో వాయించే పిల్లలందరూ ఒక అడ్డదారి కనిపెట్టారు. కీబోర్డు మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే పెట్టెలో శ్రుతి మొత్తం ఒక్కో మెట్టు చొప్పున పైకో కిందికో జరుగుతుంది. కాబట్టి వేళ్లు ఎప్పుడూ నేర్చుకున్న ఆ ఒక్క చోటే ఆడుకుంటాయి, మేం ఏ శ్రుతిలో ఎత్తినా బటన్ నొక్కి పెట్టెనే మా దగ్గరకి జరుపుకుంటారు, భోజనానికి పీట జరుపుకున్నట్టు. మా పిల్లకి ఎడమచేతి వేలు ఆ బటన్ మీదే ఉండేది. నేను నోరు తెరిచి రెండు మాటలు అనేలోపు టిక్కు టిక్కుమని వచ్చి నా పక్కన నిలబడేది. పాపకి చెవి దేవుడిచ్చాడమ్మా అనేవాళ్లు సంఘపెద్దలు. దేవుడిచ్చింది చెవే, మిగతాది కంపెనీ ఇచ్చిందని నాకు అప్పటికి తెలియదు.

డిగ్రీ అయ్యాక నా కూతురు తన బడిలోనే దీనికి కంప్యూటర్ టీచరు ఉద్యోగం మాట్లాడి పెట్టింది. జూన్‌లో బడి తెరవగానే చేరాలి. నీడపట్టు పని, పక్కనే అమ్మ. ఇంకేం కావాలి? ఇది మాత్రం మొహం వేలాడేసుకుని తిరిగింది. అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టింది. అన్నం పారేస్తే నేను ఊరుకోను, గట్టిగా అడిగా. అప్పుడు చెప్పింది. బెజవాడలో ఒక పెద్ద హోటల్లో, వచ్చేపోయేవాళ్లు కూర్చునే హాల్లో, నిజం పియానో ఉందట, చెక్కది. సాయంత్రాలు దాని మీద ఈ అమెరికా పాటలు వాయించే పెద్దాయనకి చేతులు పట్టేశాయట. ఆయన చోట కూర్చోవడానికి మనిషి కావాలని ఎవరో ఫోన్లో పెట్టారట.

"హోటల్లోనా?"

"హోటల్ సంగతి కాదు అమ్మమ్మా, పియానో సంగతి."

"ఆ పియానో ఎక్కడుంది?"

"హోటల్లో."

"మరి?"

వాళ్లమ్మ నందిగామ నుంచి ఫోన్లో అరిచిన అరుపుకి ఫోన్ లేకపోయినా వినపడేది. "అమ్మా, దాన్ని చెడగొట్టింది నువ్వే, ఆ పెట్టె ఇంట్లో పెట్టించుకుని!" ఒకవైపు అది, ఒకవైపు ఇది. ఇద్దరి మధ్యా నా చెవులు. ఇక లాభం లేదని ఒక మాట తెగ్గొట్టి చెప్పా. వెళ్లి చూసొస్తాం. చోటు మంచిదని నా కళ్లకి అనిపించి, వాళ్లు కూడా దీన్ని తీసుకుంటే సరే. తీసుకోకపోతే జూన్‌లో మారు మాట లేకుండా నందిగామ బడి.

"సరే" అంది పిల్ల. ఆ పూట అన్నం మిగల్చకుండా తింది. నీళ్ల గ్లాసు చేతికిచ్చా.

సంక్రాంతి వెళ్లిన తరవాత ఒకరోజు పెరుగన్నం డబ్బా కట్టుకుని బస్సెక్కాం. ఆ హోటల్లో తలుపు తీసే మనిషి వేరే ఉన్నాడు. మన తలుపు మనం తీసుకోలేమా? లోపల ఏసీ ఎంత పెట్టారంటే, మనుషులు కూర్చున్నారో కూరగాయలు దాచారో తెలియలా. కొంగు చెవులకి కప్పుకుని కూర్చున్నా. పియానో అంటే ఇదే అని చూపించింది పిల్ల. నల్లగా, నిగనిగలాడుతూ, గేదె పడుకున్నంత ఉంది. దాని పక్క కుర్చీలో కోటు వేసుకున్న పెద్దాయన, ఆయన పక్కన గౌను వేసుకున్న ఆవిడ. ఇద్దరూ భార్యాభర్తలు. ఆయన వాయిస్తే ఆవిడ పాడుతుంది. ఆవిడకి ఇంచుమించు నా వయసే, గౌను మాత్రం గులాబీ రంగు. పేర్లు చెప్పారు గాని నాకు నోరు తిరగలా. కోటాయన, గౌనావిడ అని పెట్టుకున్నా.

వాళ్లది ఇంగ్లీషోళ్ల కాలం నాటి రైల్వే కుటుంబమట, బెజవాడ రైల్వే కాలనీలోనే పుట్టారు. అందుకని తెలుగు బాగానే మాట్లాడతారు, మధ్యమధ్యలో ఇంగ్లీషు పోపు పడుతుంది.

"కూర్చోండమ్మా, వెల్‌కమ్. టీ?"

"వద్దండి. తాగే వచ్చాం."

పిల్ల ఎవరి చోట కూర్చోబోతోందో తెలుసుకోవాలిగా, ఆయన సంగతి అడిగా. చెప్పాడు. వాళ్ల నాన్న ఇంజను డ్రైవరు. ఈయనకి ఇంజను పట్టలేదు, రైల్వే వాళ్ల క్లబ్బులో డ్యాన్సులు జరిగితే పియానో వాయించేవాడు. అక్కణ్ణుంచి కలకత్తా హోటళ్లు. అక్కణ్ణుంచి ఓడలు, ఓడలో వెళ్లేవాళ్లకి విసుగు పుట్టకుండా వాయించడం. తరవాత మద్రాసులో సినిమాల రికార్డింగులు. అక్కడికి మిషన్లు వచ్చి పది మంది వాయించేది ఒక్క పెట్టే వాయించేసరికి, మళ్లీ బెజవాడ. ఈ హోటల్ వాళ్లు పియానోని అలంకారానికి కొని పెట్టి, పైన పూలకుండీ పెట్టారట. ఈయన వెళ్లి ఆ కుండీ తీయించి కూర్చున్నాడు.

"అన్ని ఊళ్లలోనూ ఈ పాటలేనా?"

"అన్ని ఊళ్లలోనూ ఇవే అమ్మా. ఎక్కడికెళ్లినా పాటలవే, మనుషులే వేరే."

"మరి పింఛను వస్తుందాండి?"

గౌనావిడ పెద్దగా నవ్వింది. "సీ! నేను యాభై ఏళ్ల నుంచి ఇదే అడుగుతున్నా."

బతుకంతా ఊళ్లు తిరిగి, చివరికి ఆయనకి మిగిలింది ఒక కోటు, వంకర్లు పోయిన వేళ్లు. పిల్ల వంక చూశా, వింటున్నావా అన్నట్టు. అది ఆయన్ని చూడటంలా. పియానోనే చూస్తోంది, ఆకలేసినవాళ్లు విస్తరి చూసినట్టు.

వాయించమన్నారు. గౌనావిడ లేచి పియానో వంపులో చెయ్యి ఆనించి నిలబడి, ఏదో పాట పేరు చెప్పి, తన శ్రుతి ఏదో చెప్పింది. మా పిల్ల కుడిచెయ్యి మెట్ల మీద పెట్టింది. ఎడమచెయ్యి మాత్రం పైకి పోయింది. చెక్క మీద తడుముతోంది. ఆ చివరికి వెళ్లింది, ఈ చివరికి వచ్చింది. కరెంటు పోతే స్విచ్చి బోర్డు వెతుక్కున్నట్టు ఆ నల్ల చెక్కంతా తడిమింది.

కోటాయన నవ్వలా. మెల్లిగా అన్నాడు, "దానికి బటన్ ఉండదు బేబీ."

అప్పుడు అర్థమైంది నాకు. మంచంలో పడుకున్నవాడిని నడవమన్నట్టయింది దాని పని. ఇన్నేళ్లూ వేళ్లు ఒక్క చోటే తిరిగాయి, నడిచింది బటన్. అయినా తెలిసిన ఆ ఒక్క చోటే మొదలుపెట్టింది. గౌనావిడ పాపం అక్కడే పాడబోయింది. ఆ శ్రుతి ఆవిడకి అందలా, గొంతు పైన ఎక్కడో చిరిగింది. పాట ఆగిపోయింది. హాల్లో కాఫీ తాగుతున్నవాళ్లు కప్పులు దించి చూశారు. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

పాతిక మందిలో చెవులు ఎర్రబడితే ఏడుపు వస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇంట్లో ఇన్నేళ్లు కరెంటు కాల్చి వాయించింది, నిజం పెట్టె ఎలా ఉంటుందో కనుక్కోకుండా వస్తుందా?

కోటాయన తన వేళ్లు నలుపుకుంటూ అన్నాడు. "చెవి ఉంది. చెయ్యి లేదు. నా చేతులు ఈస్టరు దాకా ఎలాగో ఈడుస్తాయి. ఈస్టరు వెళ్లాక రా. పాడేవాళ్లు ఏ మెట్టు మీద నిలబడితే ఆ మెట్టు మీద నువ్వుండాలి. అప్పటికీ రాకపోతే ఇంకొకరిని చూసుకుంటాం."

బస్సులో కంచికచర్ల దాకా ఏడ్చింది. కంచికచర్లలో బస్సు ఆగినప్పుడు పెరుగన్నం డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టా. "తిను. పులిస్తే పారేయాల్సొస్తుంది." ఏడుస్తూనే తింది.

ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, నా మోకాలి నొప్పికి కొన్న ప్లాస్టరు చివరి ముక్క మిగిలుంటే, దాన్ని ఆ బటన్ మీద అడ్డంగా, గట్టిగా అంటించడం.

"అమ్మమ్మా, అది చర్చి వాళ్ల పెట్టె!"

"ప్లాస్టరు నాది."

మాఘం, ఫాల్గుణం మా వాకిట్లో మిరపకాయల పని. కొట్టు షావుకారు బస్తాలు దింపిస్తాడు, మా పేట ఆడవాళ్లు నలుగురైదుగురు వసారా నీడలో కూర్చుని తొడిమలు తీస్తాం. చేతులు పనిలో ఉంటే నోళ్లు ఖాళీగా ఉంటాయి. అయితే కబుర్లు, లేకపోతే కీర్తనలు. కబుర్లలో కొంపలు కూలతాయని నేను కీర్తనలే పాడిస్తా. ఆ వసారాలోకి పెట్టె తెప్పించి, కూర్చోవే ఇక్కడ, మేం ఎక్కడ ఎత్తితే అక్కడికి రా అన్నా.

పక్కింటి కోడలు నోరు ఊరుకోదు. "ఏంటత్తా, ఇవాళ్టి నుంచి కచేరీలో కూలి పనా?"

"నువ్వు తొడిమ తీయి. కాయ విరవమాక."

మిరప ఘాటులో పాడటమంటే మాటలు కాదు. ఎత్తిన చోట ఎవరం ఉండం. రెండో చరణానికి ఉత్సాహం వచ్చి పైకి పోతాం, తుమ్ములొస్తే కిందికి జారతాం. పిల్ల వేళ్లు మెట్ల మీద కోడిపిల్లల్లా అటూ ఇటూ పరిగెత్తేవి. ఎడమచెయ్యి అలవాటుగా ప్లాస్టరు మీదకి పోయేది, అక్కడ తగిలి వెనక్కొచ్చేది.

"అమ్మమ్మా ఆగు, నేనింకా రాలేదు!"

"నువ్వొచ్చేదాకా ఆగడానికి ఇదేమన్నా బస్సా?"

"బస్సు మాత్రం ఆగుతుందా అత్తా" అంది పక్కింటి కోడలు, "మొన్న చెయ్యెత్తితే కోదాడ బస్సు దుమ్ముకొట్టి పోయింది."

మొదట్లో పాట మొత్తం అయిపోయాక వచ్చి కలిసేది. మిగతావాళ్లు ఆమెన్ అనేసి ముక్కు తుడుచుకుంటుంటే అప్పుడు సరిగ్గా దొరికేది దానికి. రానురాను రెండో చరణంలో, తరవాత పల్లవిలోనే. పొద్దున మాతో కీర్తనలు, మధ్యాహ్నం ఒక్కతే ఆ అమెరికా పాటలు. ఒకే పాటని ఈ మెట్టు నుంచి, ఆ పక్క మెట్టు నుంచి, దాని పక్క మెట్టు నుంచి. చందమామ ఎన్నిసార్లొచ్చినా ఆ మనిషి రాడు. నాకు విసుగెత్తి, వచ్చినా ఇంట్లోకి రానీయకు అన్నా.

ఇంతా అయ్యాక ఒక తగాదా మిగిలింది. అందరూ దొరికారు దానికి, నేను తప్ప. నేను ఎత్తితే వెతుకుతుంది, పైది నొక్కుతుంది, కిందది నొక్కుతుంది, తల పట్టుకుంటుంది.

"అమ్మమ్మా, నువ్వు పాడే శ్రుతి ఈ పెట్టెలో లేదు."

"లేకపోవడమేంటి? నేను పాడుతున్నాగా?"

"ఈ మెట్టుకీ ఈ మెట్టుకీ మధ్యలో ఉంది. కాస్త పైకి జరుగు. లేకపోతే కాస్త కిందికి."

"మా అమ్మ అక్కడే పాడింది, నేనూ అక్కడే పాడతా. కావాలంటే నీ పెట్టెనే జరగమను."

పక్కింటి కోడలు మిరపకాయలు వదిలేసి నవ్వింది. పిల్లకి పట్టుదల వచ్చింది. మర్నాడు నేను ఎత్తగానే ఆ పక్కపక్క మెట్లు రెండూ కలిపి ఒకేసారి నొక్కి, ఒకదాన్ని చటుక్కున వదిలేసింది. అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు కలుక్కుమంది నాకు. "ఏంటే ఆ చప్పుడు?" అంటే, "నీ దగ్గరకి ఇంతకంటే దారి లేదు" అంది. అప్పట్నుంచి నేను పాడినప్పుడల్లా అదే. పాట మధ్యలో కలుక్కు, కలుక్కు.

ఇంట్లో అయితే సరే. ఒక ఆదివారం చర్చిలోనూ చేసింది. అక్కడితో ఆగలా, ప్రార్థనకి ముందు మెల్లిగా వాయించాల్సిన చోట, మా కీర్తన చివర ఆ అమెరికా వంపులన్నీ తగిలించి తోక పెంచింది. సాయంత్రం పాస్టరుగారు ఇంటికొచ్చారు.

"అమ్మా, పాప బాగా వాయిస్తుంది, కాదనను. కాని ఇవాళ మరీ... ప్రార్థనలో ముసలివాళ్లు కళ్లు తెరిచారు."

"తెరిస్తే మంచిదేగా అయ్యగారూ. సగం మంది నిద్రపోతుంటారు."

"ఆ బటన్ మీద ఆ ప్లాస్టరు ఏంటమ్మా?"

"దెబ్బ తగిలిందండి" అన్నా. కాఫీ ఇచ్చి పంపించేశా.

ఆయన గేటు దాటాక పిల్లకి పెట్టాల్సిన చీవాట్లు పెట్టా. హోటల్ పాటలు హోటల్లో, దేవుడి పాటలు దేవుడి దగ్గర. తల ఊపింది. ఊపిన తలలోకి ఏమీ దూరలేదని ఆ తరవాత ఆదివారం తెలిసింది.

ఈస్టరు వెళ్లింది. జూన్ దగ్గరకొస్తోంది. నా కూతురు బడివాళ్లకి మాటిచ్చేశానని రోజూ ఫోను. మళ్లీ బెజవాడ బస్సెక్కాం, పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. నందిగామ దాటుతుంటే కిటికీలోంచి వాళ్లమ్మ బడి ఉన్న వైపు చూసి, తల తిప్పేసుకుంది. ఒళ్లో వేళ్లు మాత్రం చీర మీద, నా చీర మీద, ఏదో వాయిస్తున్నాయి. తీసేయమనలా.

హోటల్లో గౌనావిడకి జలుబు. మెడకి మఫ్లరు చుట్టుకుని ఉంది. "ఇవాళ నా గొంతు ఎక్కడుందో నాకే తెలీదు డార్లింగ్. శ్రుతి చెప్పను. నేను మొదలుపెడతా, నువ్వు రా" అంది.

ఇదేదో మా వాకిలి పద్ధతిలా ఉందే అనుకున్నా.

ఆవిడ అందుకుంది, కింద ఎక్కడో, బొంగురుగా. మా పిల్ల ఎడమచెయ్యి పైకి పోలా. మెట్ల మీదే ఉంది. రెండు మాటలయ్యేసరికి ఆవిడ పక్కన నిలబడింది. మధ్యలో ఆవిడకి దగ్గొచ్చి మాట తప్పింది. పిల్ల ఖాళీ పడనీయకుండా అక్కడక్కడే తిరుగుతూ వాయించింది, తుమ్ములొచ్చినప్పుడు మా కోసం తిరిగినట్టు. ఆవిడ మళ్లీ అందుకుంది, ఈసారి ఇంకాస్త పైన. ఇదీ పైకెళ్లింది. కోటాయన కళ్లు మూసుకుని, మోకాలి మీద వంకర వేళ్లతో తాళం వేస్తున్నాడు. నేను ఊపిరి పట్టుకుని కూర్చున్నా. అది ఏసీ చలికి.

చివర్లో ఆవిడ గొంతుని కావాలని కిందికి లాగింది, మూలుగులాగా. అప్పుడు వినపడింది నాకు. కలుక్కు. ఆ రెండు మెట్లే. అయిపోయింది, కొంప ముంచింది అనుకున్నా.

కోటాయన కళ్లు తెరిచి చెయ్యెత్తాడు. పాట ఆగింది.

"ఆ నోట్! రెండూ కలిపి నొక్కావే, అది ఎక్కడ నేర్చుకున్నావు?"

పిల్ల చేతులు మెట్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"బేబీ, ఈ పాటల్ని జాజ్ చేసినవాళ్లు అమెరికాలో అలాగే నొక్కేవాళ్లు. గొంతులో ఉన్న స్వరం పియానోలో లేకపోతే రెంటి మధ్యా పట్టుకోవడం. నాకు కలకత్తాలో ఒక ముసలాయన నేర్పాడు. నీకెవరు నేర్పారు?"

మా పిల్ల నా వైపు చూసింది. చూసి, ఆ నిండు హాల్లో, కాఫీ తాగేవాళ్లందరి ముందూ చెప్పింది.

"ఎవరూ నేర్పలేదండి. మా అమ్మమ్మకి శ్రుతి ఉండదు. ఆమె వెనక వాయించాలంటే అదొక్కటే దారి."

గౌనావిడ జలుబు మరిచిపోయి నవ్వింది. కోటాయన నవ్వుతూ లేచి వచ్చి నాకు దణ్ణం పెట్టాడు. తలుపు తీసే మనిషి కూడా నవ్వాడు, వాడికేం పని ఇక్కడ? నేను కొంగు బిగించుకుని, గేదెలాంటి ఆ పియానో వంక చూస్తూ కూర్చున్నా.

వచ్చే శుక్రవారం నుంచి రమ్మన్నారు. వారాంతాల్లో, సాయంత్రాలు. వారంలో మిగతా రోజులు పగలు కోటాయనే పాటలు నేర్పుతాడట. టీ తెచ్చి పెట్టారు. తాగలా.

తిరుగు బస్సులో నేను మాట్లాడలా. ఇబ్రహీంపట్నం దగ్గర "అమ్మమ్మా" అంది. కంచికచర్ల దగ్గర "అమ్మమ్మా, కోపమా?" అంది.

"శ్రుతి లేనిదానితో నీకేం మాటలు?"

"లేదని కాదు. పెట్టెలో లేదన్నా."

"హాల్లో ఆ ముక్క చెప్పలేదేం?"

నందిగామలో దిగాం, వాళ్లమ్మకి ఎదురుగా చెప్పాలి కదా. నా కూతురు మమ్మల్ని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, తను నిలబడే వింది. బడివాళ్లకి ఏం చెప్పను, రాత్రి బస్సుల్లో ఎవరు తోడు, ఎన్నాళ్లుంటుంది ఆ పని, అన్నీ అడిగింది. తోడు నేనెళతా అన్నా. ఎన్నాళ్లుంటుందో కోటాయనకే తెలీదు, నాకేం తెలుస్తుంది? చివరికి కళ్లు తుడుచుకుని, "ఇంతకీ ఎలా తీసుకున్నారే దీన్ని?" అంది.

పిల్ల నోరు తెరవబోయింది. టేబుల్ కింద తొడ మీద గట్టిగా గిల్లా.

"బాగా వాయించింది, తీసుకున్నారు" అన్నా.

ఇప్పుడు శుక్రవారం వస్తే నాకీ తిప్పలు. ఫ్లాస్కులో టీ పోసుకుని, స్వెట్టరు పట్టుకుని బెజవాడ వెళ్లడం, ఆ చలిలో కూర్చోవడం. పాటకీ పాటకీ మధ్య గౌనావిడ వచ్చి నా పక్కన కూర్చుని నా టీ సగం తాగేస్తుంది, ఒక్క కీర్తన పాడమని సతాయిస్తుంది. పాడను. ఒక్క పాట మాత్రం, ఆ రైలెక్కినవాడిది, నాకు తెలిసిపోయింది. ఈసారైనా కిందటిసారిలాగే వాయించవే, వింటా అని బతిమాలా. సరే అంటుంది. వాయించేది మళ్లీ ఇంకోలా.

ఆదివారాలు మాత్రం వదల్లేదు, చర్చిలో ఇప్పటికీ పిల్లే వాయిస్తోంది. పోయిన ఆదివారం ముందు వరసలో నాకే ముందు ఊపిరి అందింది. మా అమ్మ ఎత్తిన చోటే ఎత్తా. వెనక నుంచి కలుక్కుమని వినపడింది. పాస్టరమ్మగారు నా వంక చూసింది, సంఘపెద్దలు పెట్టె వంక చూశారు. నేను పైకీ జరగలా, కిందికీ జరగలా. పెట్టే వచ్చింది.